మనం ఎండలో పుట్టినోళ్లమే, అయితే ఏంటి?

మొన్న సాయంత్రం బ్యారేజీ కాడ టీ కొట్టు దగ్గర నిలబడితే ఒక కుర్రోడు వచ్చాడు. పాతికేళ్లు కూడా ఉండవు. చేతిలో కొత్త పాస్‌పోర్టు.

"అన్నా, నువ్వు కువైట్‌లో చేసొచ్చావంట గదా. నాకు వీసా వచ్చింది. జూలైలో ఎక్కేత్తన్నాను. బిల్డింగు పని. అక్కడ ఎండ ఎక్కువంటన్నారు గానీ, ఆయ్, ధవళేశ్వరంలో పుట్టినోడికి ఎండ కొత్తేంటన్నా?" అన్నాడు.

పక్కనే ఉన్న వాడి స్నేహితుడు నవ్వాడు. "నేనైతే కెనడా ఎల్తాను. ఎండకంటే చలే నయం. దుప్పటి కప్పుకుంటే సరిపోద్ది గదరా" అన్నాడు.

ఇద్దరివీ తప్పు మాటలే. అయితే ఆ తప్పు వాళ్లది కాదు. మనకెవరూ చెప్పలేదు. స్కూల్లో ఎడారి అంటే ఒంటె బొమ్మ, మంచు అంటే హిమాలయాల బొమ్మ చూపించి వదిలేశారు. ఆ ఎండలోకీ ఆ చలిలోకీ పనికెళ్లేది మనమేనని పుస్తకం రాసినోళ్లకి తట్టలేదు. టీ చల్లారేలోపు అంతా చెప్పడం నావల్ల కాలేదు. అందుకే ఇది రాస్తన్నాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి. ఇరవై రెండో ఏట నేను కువైట్ వెళ్లాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. దిగిన మర్నాడే సైటుకి పంపారు. మన ఎండలో ఇసుక మోసినోణ్ణి, ఇదెంత అనుకున్నాను. మన ఊళ్లో పని చేస్తే చొక్కా తడిసి ముద్దయ్యేది. అక్కడ చెమటే పట్టలేదు. "భలే ఉందే" అనుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం కళ్లు తిరిగాయి. పక్కనోళ్లు ఏదో అడుగుతున్నారు, నా నోటికి మాట రావట్లేదు. ఒక శ్రీకాకుళం అన్న నన్ను లాక్కెళ్లి ట్యాంకరు కింద పడుకోబెట్టి నీళ్లు పోశాడు. ఆయన లేకపోతే ఈ వ్యాసం లేదు.

చెమట పట్టకపోవడం కాదది. పట్టిన చెమట పట్టినట్టే ఆవిరైపోతోంది. ఒంట్లో నీళ్లు పోతున్న సంగతి నాకు తెలీలేదు. ఎడారి ఎండ చేసే మొదటి మోసం ఇదే.

కుండ చెప్పే సైన్సు

మన ఇళ్లల్లో కుండ ఉంటాది గదా. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? మట్టి గోడలోంచి కొంచెం నీరు బయటికి ఊరి, గాలికి ఆవిరవుతాది. ఆవిరయ్యేటప్పుడు కుండలోని వేడిని పట్టుకుపోతాది. మన ఒళ్లు కూడా కుండే. చెమట కారినంత మాత్రాన చల్లదనం రాదు. చెమట ఆరితేనే వస్తాది. కారి నేలమీద పడిపోయిన చెమట దండగ.

ఇప్పుడు ఇంకో సంగతి గుర్తు తెచ్చుకోండి. గాలి బిగదీసి ఉక్కపోసే రోజున కుండలో నీళ్లు అంత చల్లగా ఉండవు. ఎందుకంటే గాలిలో ముందే తేమ ఉంది, ఇంకా నీటిని పీల్చుకునే చోటు లేదు. కుండ చల్లబడని రోజున ఒళ్లు కూడా చల్లబడదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం సైన్సు వచ్చేసినట్టే.

ఈ సంగతిని కొలవడానికి సైంటిస్టులకి ఒక లెక్క ఉంది. థర్మామీటరు గుండుకి తడిగుడ్డ చుట్టి, గాలి తగిలేలా పెట్టి చూస్తారు. ఆ వచ్చే అంకెని తడి ఉష్ణోగ్రత అందాం. గాలి పొడిగా ఉంటే ఇది మామూలు ఉష్ణోగ్రత కంటే బాగా తక్కువ చూపిస్తాది. తేమగా ఉంటే దాదాపు దగ్గరికి వచ్చేస్తాది. ఒక ఉదాహరణ చూడండి. ఎడారిలో 47 డిగ్రీలు, గాలిలో తేమ 10 శాతం. తడి ఉష్ణోగ్రత 23 దగ్గర ఉంటాది. మన డెల్టాలో 38 డిగ్రీలు, తేమ 60 శాతం. తడి ఉష్ణోగ్రత 31 దగ్గరికి పోతాది. టీవీలో మాత్రం 47 చూసి అమ్మో అంటారు, 38 చూసి పర్లేదు అంటారు.

తడి ఉష్ణోగ్రత 35 దాటితే నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకి మించి బతకలేడని 2010లో ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2022లో అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కుర్రాళ్లని గదిలో పెట్టి పరీక్షిస్తే, తేమ గాలిలో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైందని తేలింది. అదీ చిన్న చిన్న పనులు చేస్తుంటేనే. నెత్తిన ఇటుకలు మోసేవాడి సంగతి మీరే ఊహించుకోండి.

కాబట్టి మన ఎండ, ఎడారి ఎండ ఒకటి కాదు. మనది ఉడకబెట్టే ఎండ. ఎడారిది ఎండబెట్టే ఎండ. ఉడికే ఎండలో ఉక్క మనకి తెలిసిపోతాది, చిరాకేస్తాది, నీడకి పోతాం. ఎండబెట్టే ఎండలో తెలీదు. కువైట్‌లో మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ఖాయం చేసింది. పైగా గల్ఫ్ అంతా పొడి ఎడారి అనుకోకండి. సముద్రం ఒడ్డు ఊళ్లల్లో ఆగస్టు వచ్చిందంటే వేడికి తేమ కూడా తోడవుతాది. అప్పుడు ఎండబెట్టడం, ఉడకబెట్టడం రెండూ ఒకేసారి. అలాంటి ఎండ మన రోహిణి కార్తె కూడా చూపించలేదు.

అలవాటుకి గడువుంది

"మనం ఎండలో పుట్టినోళ్లం" అనే మాటలో నిజం ఎంత? కొంచెం ఉంది. ఎండలో రోజూ పని చేస్తే ఒళ్లు నేర్చుకుంటాది. చెమట తొందరగా పడతాది, ఎక్కువ పడతాది, అందులో ఉప్పు తక్కువ పోతాది. దానికి వారం నుంచి రెండు వారాలు పడతాది. కానీ అది పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు. ఎండకి దూరంగా రెండు మూడు వారాలు ఉంటే చాలావరకు పోతాది. సెలవకి ఊరొచ్చి నెల్లాళ్లు నీడపట్టున తిని పడుకుని మళ్లీ వెళ్లినోడు కూడా కొత్తోడి కిందే లెక్క.

పనిచోట వడదెబ్బకి చచ్చిపోయినోళ్లలో ఎక్కువమంది పనిలో చేరిన మొదటి కొన్ని రోజుల్లోనే పోతున్నారని అమెరికా కార్మిక భద్రతా సంస్థలు చెప్తున్నాయి. అందుకే వాళ్లు ఒక పద్ధతి పెట్టారు. కొత్త పనివాడికి మొదటి రోజు ఎండలో పని ఐదో వంతే. రెండో రోజు ఇంకో ఐదో వంతు కలపాలి. అలా ఐదో రోజుకి పూర్తి పని. జూలైలో విమానం దిగే మా తమ్ముడికి ఈ ఐదు రోజులు ఎవరిస్తారు? అడగాలని వాడికి తెలిస్తే గదా ఎవరైనా ఇచ్చేది.

చలి అంటే దుప్పటి కాదు

ఇక చలి. నేను ఉద్యమాల పని మీద రెండు సార్లు జనవరిలో ఢిల్లీ వెళ్లాను. ధర్నాలో కూర్చున్నాను, రాత్రి టెంటులో పడుకున్నాను. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలుంటాదేమో. మన లంబసింగిలో కూడా అంతకంటే దిగే రోజులున్నాయి. కానీ లంబసింగికి మనం ఫొటోలకి వెళ్తాం, పొద్దెక్కాక వచ్చేస్తాం. ఢిల్లీలో పొగమంచు మధ్యాహ్నం దాకా వదల్లేదు. నేలలోంచి చలి ఎక్కుతాది. నేను వేసుకున్నవి నాలుగు నూలు చొక్కాలు. మంచుకి తడిశాయి, అంతే సంగతులు. పక్కన కూర్చున్న పంజాబీ పెద్దాయన తన ఉన్ని శాలువా నామీద కప్పి, కింద అట్టలు పరిచాడు. "కింద నుంచి వచ్చే చలి పైన కప్పితే ఆగదు బేటా" అన్నాడు.

ఆయన చెప్పిందే చలి సైన్సు. దుప్పటి వేడి పుట్టించదు. ఒంటి వేడిని పోనివ్వదు, అంతే. పొరల మధ్య చిక్కుకున్న గాలే కాపాడేది. నూలు గుడ్డ తడిస్తే ఆ గాలి పోతాది. అందుకే ఒంటికి ఆనుకుని చెమట పీల్చి వదిలేసే పొర, దానిమీద ఉన్ని, పైన గాలి చొరని కోటు అని మూడు పొరలు చెప్తారు.

కెనడాలో విన్నిపెగ్ అనే ఊళ్లో జనవరి రాత్రుల సగటే సున్నాకి 20 డిగ్రీలు కింద. దానికి గాలి తోడైతే ఒంటికి ఇంకా కిందకి తెలుస్తాది. ఆ లెక్కలో మైనస్ 28 దాటితే బయటికి కనిపించే చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. చెవులు, ముక్కు, వేళ్లు ముందు పోతాయి. ఒంటి వేడి 35 డిగ్రీల కిందకి దిగితే మనిషి తడబడతాడు. మొదట వణుకుతాడు. వణుకు దానంతటదే ఆగిపోతే బాగుపడ్డాడని కాదు, ప్రాణం మీదకి వచ్చిందని అర్థం. 2022 జనవరిలో గుజరాత్ నుంచి వెళ్లిన ఒక కుటుంబం, ఇద్దరు పిల్లలతో సహా నలుగురు, కెనడా అమెరికా సరిహద్దు పొలాల్లో రాత్రిపూట నడుస్తూ గడ్డకట్టి చనిపోయారు. ఏజెంటు మాట నమ్మి బయలుదేరే ప్రతి ఊరోడూ ఆ నలుగుర్నీ ఒకసారి తల్చుకోవాలి.

ఇంకో మాట. ఎడారి అంటే ఎప్పుడూ వేడే అనుకోకండి. కువైట్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు ఊరి బయట ఎడారిలో గొర్రెలు కాసేవాళ్లకి మంచు కురిసినంత చలి. వేసవి బట్టలతో దిగినోడికి అదీ దెబ్బే.

చలికి చట్టముంది, ఎండకి సలహా ఉంది

ఇంతవరకూ చెప్పింది ఒంటి సంగతి. అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఎండా, చలీ రెండూ చంపుతాయి. కానీ ఎవరిని చంపుతాయనేది వాతావరణం ఒక్కటే తేల్చదు.

న్యూయార్క్ నగరంలో అక్టోబరు 1 నుంచి మే 31 దాకా చలికాలం లెక్క. పగలు బయట 13 డిగ్రీల కిందకి దిగితే లోపల 20 డిగ్రీలు ఉండేలా ఇంటి ఓనరు చూడాలి. లేకపోతే ఫిర్యాదు, జరిమానా. అద్దెకున్నవాడికి వెచ్చదనం హక్కు. ఫ్రాన్సులో నవంబరు నుంచి మార్చి ఆఖరు దాకా అద్దె కట్టకపోయినా ఇంట్లోంచి గెంటడానికి వీల్లేదు. మన దేశంలో కూడా ఢిల్లీ చలికి రోడ్డు పక్క జనం పోతుంటే 2010లో సుప్రీంకోర్టు కలగజేసుకుని రాత్రి బసలు పెట్టమంది.

మరి ఎండకి? మన రేకుల ఇంట్లో మే నెలలో మధ్యాహ్నం లోపలికంటే బయటే నయం. ఆ రేకుల గదికి అద్దె తీసుకునే ఓనర్ని చల్లగా ఉంచమని అడిగే చట్టం మనకి లేదు. మనకి చలివేంద్రం ఉంది. చలివేంద్రం మంచిదే, పెట్టినోళ్లకి దండం. కానీ అది పుణ్యం. హక్కు కాదు. పుణ్యం చేసేవాడికి తీరిక లేకపోతే కుండ ఖాళీ.

గల్ఫ్ దేశాల్ని మనం తిడతాం, తిట్టాల్సినవి చాలా ఉన్నాయి. కానీ ఒకటి చూడండి. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు ఆఖరు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట ఎండలో పని చేయించకూడదు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12.30 నుంచి 3 వరకు. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి 3.30 వరకు. అంతేకాదు, ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే లెక్కలో 32.1 దాటితే ఏ టైమైనా సరే పని ఆపాలి. ఇవన్నీ ఊరికే రాలేదు. వలస కార్మికుల చావుల మీద ప్రపంచం గోల చేస్తే వచ్చాయి. అమలులో మోసాలున్నాయి. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఇంటి పనికి వెళ్లిన మన అక్కలకి ఈ విరామం అందదు. వాళ్ల చట్టం వేరు, వాళ్ల వంటగదిలోకి ఇన్‌స్పెక్టరు రాడు. అయినా కాయితం మీద ఒక గంట రాసి ఉంది. రాసి ఉంటే అడగొచ్చు.

మన దేశంలో చెయ్యలేమా అంటే, కేరళ చేస్తోంది. అక్కడి కార్మిక శాఖ ప్రతి వేసవిలో ఎండలో పని చేసేవాళ్లకి మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు విరామం ఇవ్వమని ఉత్తర్వు ఇస్తాది. అహ్మదాబాద్‌లో 2010 ఎండలకి వెయ్యిమందికి పైగా పోయాక, 2013లో ఎండల ప్రణాళిక తయారుచేసుకున్నారు. మనకి ప్రతి ఏడూ ఫోన్‌కి మెసేజ్ వస్తాది. "మధ్యాహ్నం బయటికి రావద్దు, గొడుగు వాడండి, మజ్జిగ తాగండి." మంచి సలహానే. కానీ గోదాట్లో పడవ మీద ఇసుక తీసేవాడు, కడియం నర్సరీలో వంగి మొక్కలకి మట్టి ఎత్తే అక్క, బట్టీ దగ్గర ఇటుక పేర్చే కుటుంబం, వీళ్లు ఇంట్లో కూర్చుంటే కూలి ఎవరిస్తారు? కూలి పోకుండా నీడ ఇవ్వనప్పుడు ఆ సలహా పేదోడికి పనికిరాదు.

మా ఊరి ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారు. కాటన్ దొర విగ్రహాలు డెల్టా అంతా ఉన్నాయి, ఉండాల్సిందే. కానీ నదిలో నీళ్లు తగ్గాకే నదిలో పని. అంటే ఎండల్లోనే. ఆ రాళ్లు మోసిన వేలమంది కూలీల్లో ఎంతమందికి వడదెబ్బ తగిలిందో లెక్క రాసినోడు లేడు. అప్పుడు లేడు సరే. ఇప్పుడైనా ఉన్నాడా?

చావుకి పేరు పెట్టించాలి

2015 మే నెల గుర్తుందా? దేశంలో రెండు వేలమందికి పైగా ఎండలకి పోయారు. ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలోళ్లే. లక్ష రూపాయలు సాయం ప్రకటించారు. మా వీధి చివర ఒక తాపీ మేస్త్రి ఉండేవాడు. నాకు వరసకి బాబాయి అవుతాడు. స్లాబు పని చేసి మధ్యాహ్నం మూడింటికి పిచ్చి మాటలు మాట్లాడుతూ పడిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ప్రాణం లేదు. గుండెపోటు అని రాశారు. ఒళ్లు ఎంత కాలిపోతుందో ఎవరూ కొలవలేదు. పిన్ని ఆ కాయితం పట్టుకుని ఎన్ని ఆఫీసులు తిరిగినా "ఇందులో వడదెబ్బ అని లేదమ్మా" అన్నారు. గుండె ఆగిన మాట నిజమే. ఎవరి చావులోనైనా ఆఖరికి గుండె ఆగుతాది. ఎందుకు ఆగిందన్నదే ప్రశ్న.

గల్ఫ్‌లోనూ ఇదే కథ. ఎండలో పోయిన కుర్రాళ్లకి "సహజ మరణం" అని కాయితం ఇచ్చి పెట్టె పంపిస్తారు. మన ప్రభుత్వం వలస కార్మికులకి పెట్టిన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేళ్లకి 275 రూపాయలు కడితే 10 లక్షల బీమా ఉంది. కానీ అది ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా ఇచ్చేది. సహజం అని రాస్తే ఆ కుటుంబం చేతులు ఖాళీ. పాతికేళ్ల కుర్రాడు 48 డిగ్రీల్లో పని చేసి చచ్చిపోవడంలో సహజం ఏముంది?

అందుకని చెప్తన్నాను, ఎవరికైనా ఎండలో ఇలా జరిగితే రెండు పనులు చెయ్యాలి.

మొదటిది ప్రాణం కాపాడే పని. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతున్నా సరే. నీడకి లాగండి. బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు గానీ తడిగుడ్డ గానీ పెట్టండి. స్పృహ లేనోడి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోన్ చెయ్యండి, కానీ బండి వచ్చేదాకా నీళ్లు పొయ్యడం ఆపకండి. ముందు చల్లార్చాలి, తరవాతే మొయ్యాలి.

రెండోది న్యాయం కోసం చేసే పని. ఒంటి వేడి కొలిచి రాయమని డాక్టర్ని అడగండి. ఎక్కడ, ఎన్నింటికి, ఏం పని చేస్తూ పడిపోయాడో రాసుకోండి. ఫొటో తీయండి, పక్కనున్నోళ్ల పేర్లు రాసుకోండి. ప్రాణం పోతే పోస్టుమార్టం వద్దనకండి. తహసీల్దారు, ఎస్సై, డాక్టరు కలిసి నిర్ధారిస్తేనే ఎండ చావు లెక్కలోకి వస్తాది. మీ చేతిలో ఫోనుంది. ఆ ఫోను మా పిన్ని దగ్గర లేదు.

వెళ్లే తమ్ముడికి ఇంకో నాలుగు మాటలు. వీలైతే జూలైలో కాకుండా చలికాలంలో దిగు, ఒళ్లు మెల్లగా అలవాటవుతాది. దాహం వేసేదాకా ఆగకుండా గంటకి రెండు మూడు సార్లు కొంచెం కొంచెం నీళ్లు తాగు. ఉత్త నీళ్లే కాదు, ఉప్పు కూడా పోవాలి. మనోళ్లు పొద్దున్నే తరవాణి తాగి పొలం పోయింది ఊరికే కాదు. ఒంటేలు పచ్చగా వస్తే నీళ్లు చాలట్లేదని గుర్తు. బీమా కాయితం ఇంట్లో అమ్మకి ఇచ్చి వెళ్లు. కెనడా తమ్ముడూ, నువ్వు దుప్పటి మాట మర్చిపో. మూడు పొరలు, టోపీ, చేతులకి తొడుగులు. చలికని మందు తాగితే వెచ్చగా అనిపిస్తాది గానీ ఒంటి వేడి ఇంకా పోతాది.

ఇక ఊళ్లో ఉండేవాళ్లకి ఒక పని చెప్తాను. గోడకి తగిలించే థర్మామీటరు ఒకటి కొనండి. జ్వరం చూసేది కాదు. దాని గుండుకి తడిగుడ్డ చుట్టి నీడలో విసనకర్రతో విసిరి, మధ్యాహ్నం ఎంత చూపించిందో రోజూ పుస్తకంలో రాయండి. మే నెలంతా రాసిన పుస్తకం పట్టుకుని పంచాయతీకి, మేస్త్రీకి, ఉపాధి పని మేటుకి చూపించి 12 నుంచి 3 దాకా పని ఆపమని, కూలి కొయ్యొద్దని అడగండి. ఒక్క ఊరు అడిగితే నవ్వుతారు. యాభై ఊళ్లు అడిగితే ఉత్తర్వు వస్తాది.

ఆ కుర్రోడు జూలైలో ఎక్కుతాడు. ఆపే హక్కు నాకు లేదు, ఇక్కడ పని చూపించే శక్తీ లేదు. వాడి నంబరు మాత్రం తీసుకున్నాను. దిగిన మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ చేస్తానని చెప్పాను. మూడో రోజే ఎందుకన్నా అని అడిగాడు. ఇది చదివితే తెలుస్తాది.